కష్టాల్లో యేసును నమ్ముకున్నా మనసు నెమ్మదిగా ఎందుకు ఉండదు?

అప్పులు, ఇంట్లో జబ్బు, రోజూ ప్రార్థన చేస్తున్నా రాత్రి నిద్ర పట్టట్లేదు, నా విశ్వాసం తక్కువా అని అడిగారు. తక్కువ కాదండీ. మాది అనంతపురం పక్కన పల్లె, చెనిక్కాయ పోయి బోరు కూడా ఎండిపోయిన ఏడాది మా నాయన అర్ధరాత్రి లేచి కూర్చుని దేవునితో దాదాపు కొట్లాడినట్టు మాట్లాడేవాడు, చిన్నప్పుడు అది తప్పేమో అనుకున్నా, తర్వాత బైబిల్లో 13వ కీర్తన చదివితే అర్థమైంది. ఆరే వచనాలు, మొదట్లో అంతా ఇంకా ఎంతకాలం దేవా అని ఏడుపే, చివరికొచ్చేసరికే నమ్మకం. అంటే ఏడుపు కూడా ప్రార్థనే.

ఇంకోటి, అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ ఊరి సంఘానికి రాసిన ఉత్తరంలో (ఫిలిప్పీయులకు పత్రిక) చింతపడొద్దని రాసింది సుఖంగా కూర్చుని కాదు, బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి. 4వ అధ్యాయం 6, 7 వచనాలు చూడండి, అడిగింది వెంటనే దొరుకుతుందని అక్కడ లేదు, దేవుని సమాధానం మీ హృదయాలకు కావలి ఉంటుందని ఉంది. మనం సమాధానం అంటే జవాబు అనుకుంటాం, బైబిల్లో ఆ మాటకు శాంతి అని అర్థం, నాకైతే ఈ తేడా తెలిశాకే గుండె కాస్త తేలికైంది.

అందుకే ఊరికే 'కష్టాలు తీర్చు ప్రభువా' అనకుండా ఎవరికెంత బాకీ, ఏ టెస్టు రిపోర్టుకు భయం, పేరు పెట్టి చెప్పండి. సంఘంలో నమ్మకమైన ఒక్కరికైనా చెప్పుకోండి, ఒంటరిగా మోయొద్దు. నిద్ర అస్సలు లేకపోతే డాక్టర్ దగ్గరికి పోండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీనే, తెలుగులో మాట్లాడతారు. మందు వేసుకుంటే విశ్వాసం పోయినట్టు కాదు, సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే కదా.