అద్దం నల్లగా, కాగితం తెల్లగా

ప్రశ్న: మూడో తరగతి చదివే మా బాబు, కళ్లలోంచి వెలుగు వెళ్లి వస్తువుల మీద పడితేనే అవి కనిపిస్తాయంటున్నాడు. ఎలా చెప్పాలండీ?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: వాణ్ణి కోప్పడకండమ్మా. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ అంతటివాడు కూడా అలాగే అనుకున్నాడు. వస్తువు మీది వెలుగే మన కంట్లోకి వస్తుందని సుమారు వెయ్యేళ్ల కిందట అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ వివరించాడు.

రాత్రి లైట్లన్నీ ఆపేయండి. కళ్లలోనే వెలుగుంటే ఇప్పుడెందుకు కనబడట్లేదో అడగండి. తర్వాత నేల మీద అద్దం, పక్కనే తెల్ల కాగితం పెట్టి టార్చి ఏటవాలుగా వేయండి. ఏది ఎక్కువ మెరుస్తుందో ముందే చెప్పమనండి. నేను బడిలో అడిగినప్పుడు పిల్లలు దాదాపు అందరూ అద్దమే అనేవారు. పక్కనుంచి చూస్తే కాగితం తెల్లగా వెలుగుతుంది, అద్దం నల్లగా ఉంటుంది! ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి. అద్దం వెలుగునంతా దాదాపు ఒకే వైపు మళ్లిస్తుంది. ఎదుటి గోడ మీద ఆ వెలుగు మచ్చ చూపించండి. గరుకైన కాగితం అన్ని వైపులకూ చిమ్ముతుంది, అందులో కొంత మన కంటికి చేరుతుంది. కాగితం బదులు ఎర్ర అట్ట గోడ దగ్గర పట్టుకుంటే గోడకూ ఎరుపు అంటుతుంది.

టార్చి చాలు. లేజర్ లైటు మాత్రం ఇవ్వొద్దు, కంటికి ప్రమాదం.