ఆర్ద్ర పక్కనే ఉండగా పొరుగు గెలాక్సీల్లోని రెడ్ సూపర్‌జెయింట్లను ఎందుకు పరిశీలిస్తారు?

దగ్గరలో ఉన్న ఆర్ద్రా నక్షత్రాన్ని, అంటే బెటెల్‌గూస్‌ను, పెట్టుకొని ఖగోళ శాస్త్రవేత్తలు లక్షల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీల్లో దానిలాంటి రెడ్ సూపర్‌జెయింట్లను, అంటే జీవితం చివరి దశలో ఉబ్బి ఎర్రబడిన భారీ నక్షత్రాలను, ఎందుకు వెతుకుతారని, అంత దూరం నుంచి వాటి పరిమాణం, పరిణామం గురించి నమ్మదగినట్టుగా తెలిసేది ఎంతని మీరు అడిగారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులోనూ, ఆ తర్వాత కొంతకాలం పరిశోధనలోనూ ఎం33 గెలాక్సీ డేటాతో పని చేసిన అనుభవంతో చెబుతున్నాను: ఈ నక్షత్రాల విషయంలో దగ్గరితనం చాలావరకు ఇబ్బందే, దూరమే మేలు.

బెటెల్‌గూస్ సంగతే చూడండి. దాని దూరం సుమారు 430 కాంతి సంవత్సరాలని హిప్పార్కస్ ఉపగ్రహపు తొలి కొలతలు చెప్పాయి; రేడియో పరిశీలనలను కలుపుకొని వేసిన తర్వాతి లెక్కల్లో ఒకటి 640 అంటే మరొకటి 720 దాటింది; 2020లో ఆ నక్షత్రపు స్పందనల ఆధారంగా వేసిన లెక్క మళ్లీ 550 దగ్గరికి దిగింది. అసలు ప్రకాశం దూరపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ రెండు కొసల మధ్య ప్రకాశంలోనే దాదాపు మూడు రెట్ల తేడా వస్తుంది, దానితో పాటు వ్యాసార్థం, ద్రవ్యరాశి, వయసు అన్నీ కదిలిపోతాయి. ఇంత దగ్గరి నక్షత్రానికి ఈ అవస్థ ఎందుకంటే, ఆకాశంలో దాని బింబం వెడల్పు 42 మిల్లీ ఆర్క్‌సెకన్ల వరకు ఉంటే, దూరం కట్టడానికి కొలవాల్సిన పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం) అయిదారు మిల్లీ ఆర్క్‌సెకన్లు మాత్రమే. పైగా ఉపరితలం మీద పొంగి అణిగే భారీ వాయు ప్రవాహాల వల్ల ఆ బింబంలో వెలుగు కేంద్రమే అటూ ఇటూ జరుగుతుంది. గయా ఉపగ్రహంతో సరిచూద్దామంటే దాని పరికరాలకు ఈ నక్షత్రం మితిమీరిన వెలుగు.

పాలపుంతకు పొరుగున ఉన్న చిన్న గెలాక్సీ అయిన పెద్ద మెజిల్లానిక్ మేఘంలో ఈ పేచీ లేదు. ఒకదాన్నొకటి మరుగుపరచుకునే జంట నక్షత్రాల సాయంతో దాని దూరాన్ని 2019 నాటికి 1 శాతం కచ్చితత్వంతో, సుమారు 1,62,000 కాంతి సంవత్సరాలుగా తేల్చారు, అక్కడి రెడ్ సూపర్‌జెయింట్లన్నీ దాదాపు అదే దూరంలో ఉన్నట్టే లెక్క. అందువల్ల ఒక నక్షత్రం మరొకదాని కంటే రెండింతలు ప్రకాశవంతంగా కనిపిస్తే, మధ్యలోని ధూళి ప్రభావం తీసేశాక, అది నిజంగానే రెండింతలు. రెండో లాభం ఇంకా విలువైనది. హైడ్రోజన్, హీలియం కాక మిగిలిన మూలకాలన్నింటినీ ఖగోళ శాస్త్రంలో లోహాలంటారు; ఆ లోహాంశం సూర్యుడి పరిసరాలతో పోలిస్తే పెద్ద మెజిల్లానిక్ మేఘంలో సుమారు సగం, మరో పొరుగు గెలాక్సీ అయిన చిన్న మెజిల్లానిక్ మేఘంలో ఐదో వంతు, ఆండ్రోమెడా గెలాక్సీలో మాత్రం మన దగ్గరి కంటే ఎక్కువ. ఒకే రకం నక్షత్రాన్ని వేర్వేరు రసాయన వాతావరణాల్లో పెంచి చూసే ప్రయోగం మనం చేయలేం, పొరుగు గెలాక్సీల్లో అది జరిగిపోయి ఉంది.

ఆ ప్రయోగ ఫలితం వర్ణపటంలో కనబడుతుంది. నక్షత్రాల వర్ణపట తరగతుల్లో కె కంటే ఎం చల్లనిది, పక్కనున్న అంకె పెరిగేకొద్దీ ఇంకా చల్లన; పాలపుంతలోని రెడ్ సూపర్‌జెయింట్ల సగటు తరగతి ఎం2 అయితే, పెద్ద మేఘంలో ఎం1 దగ్గర, చిన్న మేఘంలో కె5, కె7ల మధ్య ఉంటుంది. దీనికి కారణాలు రెండు. మొదటిది, ఈ తరగతులను నిర్ణయించే టైటానియం ఆక్సైడ్ పట్టీలు, అంటే ఆ అణువులు కాంతిని మింగడం వల్ల వర్ణపటంలో పడే చీకటి చారలు, లోహాలు తక్కువైన చోట సహజంగానే బలహీనపడతాయి. రెండోది, నక్షత్రం ఎంత చల్లబడగలదో చెప్పే హద్దు ఒకటుంది. జపాన్ శాస్త్రవేత్త హయాషి 1961లో చూపిన ఆ హద్దు లోహాంశం తగ్గేకొద్దీ వేడి వైపు జరుగుతుంది. చాలాకాలం పాటు ఎన్నో రెడ్ సూపర్‌జెయింట్లు ఈ హద్దు దాటి, ఉండకూడని చల్లని చోట ఉన్నట్టు ఉష్ణోగ్రత-ప్రకాశం పటాల్లో కనిపించేవి. 2005లో ఎమిలీ లెవెస్క్, ఫిలిప్ మాసీ బృందం మెరుగైన వాతావరణ నమూనాలతో పాలపుంతలోని 74 నక్షత్రాలను మళ్లీ కొలిచి, వాటి ఉష్ణోగ్రతలను పైకి సవరించాక ఆ చిక్కు చాలావరకు వీడిపోయింది. కథ అక్కడితో ఆగలేదు. టైటానియం ఆక్సైడ్ పట్టీలు వాతావరణపు పై పొరల్లో ఏర్పడతాయి కాబట్టి వాటి నుంచి తీసిన ఉష్ణోగ్రత తక్కువగా వస్తుందని 2013లో బెన్ డేవిస్ బృందం వాదించింది. నక్షత్రపు మొత్తం వెలుగు వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో ఎలా పంచుకొని ఉందో చూసి లెక్కిస్తే రెండు మేఘాల్లోని నక్షత్రాలూ 4150 కెల్విన్ దరిదాపుల్లోనే తేలాయి. నా మట్టుకు నాకు ఈ రెండో పద్ధతి మీదే గురి ఎక్కువ, అయితే ధూళి సవరణ సరిగా జరగకపోతే అదీ తప్పుదారి పట్టిస్తుంది.

దూరం మేలన్నాను గానీ, దూరపు కొండలు నునుపన్న మాట ఇక్కడా వర్తిస్తుంది. ఎం33 ఫొటోలో ఎర్రగా, మసకగా కనిపించే చుక్కల్లో చాలావరకు ఆ గెలాక్సీవి కావు, దారిలో అడ్డుపడిన మన పాలపుంత మరుగుజ్జు నక్షత్రాలు. వాటిని ఏరిపారేయడంలోనే నా పనిలో ఎక్కువ భాగం గడిచింది. మాసీ 1998లో చూపిన ఉపాయం ఇప్పటికీ అక్కరకొస్తుంది. సూపర్‌జెయింట్ల ఉపరితల గురుత్వం అతి తక్కువ కావడం వల్ల వాటి నీలి కాంతిని శోషణ రేఖలు ఎక్కువగా మింగేస్తాయి, కాబట్టి ఆకుపచ్చ-ఎరుపు రంగు తేడా సమానంగా ఉన్న రెండు చుక్కల్లో నీలం-ఆకుపచ్చ తేడా ఎక్కువున్నదే సూపర్‌జెయింట్ అయ్యే అవకాశం ఎక్కువ. రెండు రంగుల పటం గీస్తే మరుగుజ్జుల గుంపుకు పైన ఒక పలచని పాయ విడివడి కనిపిస్తుంది. ఆ పాయలో చక్కగా కూర్చున్న చుక్కకు కూడా గయా జాబితాలో చెప్పుకోదగ్గ స్వీయ చలనం (ఆకాశంలో ఏటేటా స్థానం జరగడం) కనిపిస్తే దాన్ని కొట్టేయాల్సిందే, ఎందుకంటే దాదాపు 27 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రం అంత వేగంగా కదిలినట్టు కనిపించదు. చివరి తీర్పు వర్ణపటానిది. ఆండ్రోమెడా సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది కాబట్టి 8542 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యపు కొలత) దగ్గర ఉండాల్సిన కాల్షియం రేఖ అక్కడి నక్షత్రాల్లో సగటున ఎనిమిదిన్నర ఆంగ్‌స్ట్రామ్‌లు నీలం వైపు జరిగి ఉంటుంది. అయితే ఆండ్రోమెడా తిరుగుతోంది కూడా, దాని ఈశాన్య భాగంలో ఆ వేగం బాగా తగ్గిపోయి మన నక్షత్రాల వేగాలతో కలిసిపోతుంది, అక్కడ ఈ గీటురాయి పని చేయదు.

ఇక పరిమాణం. అతిపెద్ద రెడ్ సూపర్‌జెయింట్ల వ్యాసార్థం సూర్యుడికి 1500 రెట్ల వరకు ఉంటుంది, అంటే సూర్యుడి స్థానంలో పెడితే బృహస్పతి కక్ష్యను దాటి వస్తుంది. సూర్యుడికి 20 రెట్ల ద్రవ్యరాశిని అంత చోటులో పరిస్తే సగటు సాంద్రత మనం పీల్చే గాలికి లక్షో వంతు కూడా ఉండదు, కాబట్టి దాని ఉపరితలం అన్నది కచ్చితమైన అంచు కాదు. పెద్ద మెజిల్లానిక్ మేఘంలోని డబ్ల్యూఓహెచ్ జి64 ఇందుకు మంచి ఉదాహరణ. దాని వ్యాసార్థం ఒకప్పుడు నమ్మశక్యం కానంత పెద్దదిగా అంచనాకు వచ్చింది. చుట్టూ ఉన్న దట్టమైన ధూళి వలయాన్ని లెక్కలోకి తీసుకున్నాక ప్రకాశం తగ్గింది, 2009 నాటి లెవెస్క్ బృందపు కొలతలో వ్యాసార్థం 1540 రెట్లకు దిగింది. 2024 నవంబరులో కెయిచి ఓనాకా బృందం చిలీలోని వీఎల్‌టీ ఇంటర్‌ఫెరోమీటరుతో (అనేక టెలిస్కోపుల కాంతిని కలిపే పరికరంతో) తీసిన దాని చిత్రం, పాలపుంత వెలుపలి నక్షత్రానికి తీసిన మొదటి దగ్గరి చిత్రంగా పేరు పొందింది. అందులో కోడిగుడ్డు ఆకారపు ధూళి గూడు కనిపిస్తుంది.

పరిణామం విషయానికి వస్తే, సూర్యుడికి 15 రెట్లున్న నక్షత్రం కేంద్రంలోని హైడ్రోజన్‌ను కోటి సంవత్సరాలకు పైగా మండించుకొని, అది అయిపోగానే వేగంగా ఉబ్బి ఎర్రబడి, హీలియం మండే దశలో పది లక్షల సంవత్సరాల స్థాయిలో రెడ్ సూపర్‌జెయింట్‌గా గడుపుతుంది. లోహాలు ఎక్కువున్న చోట వాయువులు ఎక్కువగా ఊడిపోయి, అతిప్రకాశవంతమైన రెడ్ సూపర్‌జెయింట్లు అరుదవుతాయని, లోహాలు తక్కువున్న చోట వాటి గరిష్ఠ ప్రకాశం పెరుగుతుందని సిద్ధాంతం చెబుతుంది. కానీ డేవిస్, క్రౌథర్, బీజర్ 2018లో లెక్క తీస్తే రెండు మేఘాల్లోనూ ఆ గరిష్ఠ ప్రకాశం సూర్యుడికి సుమారు 3 లక్షల రెట్ల దగ్గరే ఆగింది. 2022లో ఆండ్రోమెడాలోనూ దాదాపు అంతే తేలింది. పొరుగు గెలాక్సీలు ఇచ్చిన సమాచారంలో నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది ఇదే, ఎందుకంటే నక్షత్రపు పై పొరలను ఊడ్చేది లోహాల మీద ఆధారపడిన వాయు ప్రవాహం ఒక్కటే అన్న నమ్మకాన్ని ఇది గట్టిగా కుదిపింది.

ముగింపు ఎలా ఉంటుందో చూడాలన్నా పొరుగు గెలాక్సీలే దిక్కు. 2023 మే 19న జపాన్ పరిశీలకుడు కొయిచి ఇతగాకి ఎం101 గెలాక్సీలో కనుగొన్న సూపర్‌నోవా 2023ఐఎక్స్ఎఫ్‌కు మూలమైన నక్షత్రం హబుల్, స్పిట్జర్ పాత చిత్రాల్లో దొరికింది. అది ధూళి కప్పుకొని, సుమారు 1000 రోజులకోసారి వెలుగు హెచ్చుతగ్గులకు లోనైన రెడ్ సూపర్‌జెయింట్. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న మన హిమాలయన్ చంద్ర టెలిస్కోపు కూడా ఈ విస్ఫోటాన్ని పరిశీలించింది. ఇలా దొరికిన మూల నక్షత్రాలను కలిపి చూసిన స్టీఫెన్ స్మార్ట్ బృందం 2009లో అవి సూర్యుడికి 17 రెట్లకు మించడం లేదని గుర్తించింది, మరి 20, 25 రెట్లున్నవి ఏమవుతున్నాయన్నది ఇంకా నలుగుతున్న ప్రశ్న. పేలకుండానే కుప్పకూలి బ్లాక్‌హోల్ అవుతాయన్నది ఒక జవాబు. ఎన్‌జీసీ 6946 గెలాక్సీలో 2009లో కాస్త వెలిగి కనుమరుగైన నక్షత్రాన్ని ఇందుకు సాక్ష్యంగా చూపారు, కానీ జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు అదే చోట పరారుణ కాంతి కనిపించడంతో రెండు నక్షత్రాల కలయిక కావచ్చన్న వాదన కూడా లేచింది.

మీరే చేసి చూడాలనుకుంటే ఆండ్రోమెడా కంటే ఎం33తో మొదలుపెట్టడం మంచిది. ఆండ్రోమెడా మనకు బాగా పక్కకు వాలి కనిపిస్తుంది, దాని ధూళి ప్రతి నక్షత్రాన్నీ మరింత ఎర్రగా చూపి అయోమయపరుస్తుంది. ఎం33 అంతకంటే విప్పారి ఉంటుంది. మాసీ బృందపు లోకల్ గ్రూప్ సర్వే జాబితా, గయా జాబితా రెండూ ఉచితంగా దొరుకుతాయి, టాప్‌క్యాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ స్థానాల ఆధారంగా జతచేసి పైన చెప్పిన రెండు రంగుల పటం గీయడానికి మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.