మోకాళ్ల నొప్పి ఉన్నవారు చీగోంగ్‌ను ఎలా మొదలుపెట్టాలి?

యాభై దాటాక మోకాళ్ల వల్ల నేలమీద కూర్చుని ఆసనాలు వేయలేకపోతున్నామనీ, రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదనీ రాసి, దగ్గరలో గురువు లేకుండా చీగోంగ్, అంటే నెమ్మదైన కదలికలనూ ఊపిరినీ కలిపి చేసే చైనా సంప్రదాయ వ్యాయామం, నేర్చుకోవడం వీలవుతుందా అని అడిగారు. వీలవుతుంది. నేను దాన్ని సింగపూరులో, మా అపార్ట్‌మెంట్ల కింద ఉన్న ఖాళీ జాగాలో రోజూ ఉదయం కలుసుకునే చైనీయ పెద్దవారి వెనుక వరుసలో నిలబడి నేర్చుకున్నాను, ఇప్పటికీ సాధన చేస్తున్నాను. చీగోంగ్ అనే పేరు కింద ఎన్నో పద్ధతులున్నాయి కాబట్టి వాటిలో ఒక్కదాన్నే ఎంచుకోండి. అది బాదువాన్‌జిన్ అయితే మీకు బాగా సరిపోతుంది. దాన్ని ఊపిరితో కాకుండా పాదాలతో మొదలుపెట్టండి.

బాదువాన్‌జిన్ అంటే నిలబడి చేసే ఎనిమిది కదలికల వరుస. దీని ప్రస్తావన 12వ శతాబ్దంలో, సోంగ్ వంశపు కాలం నాటి రచనల్లోనే కనిపిస్తుంది. ఇలాంటి వ్యాయామాలు చైనాలో అంతకన్నా ఎంతో ముందునుంచే ఉన్నాయనడానికి, చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ సమాధుల్లో దొరికిన పట్టుబట్ట మీది చిత్రం సాక్ష్యం. క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధిలోని ఆ బట్ట మీద నలభైకి పైగా స్త్రీపురుషుల బొమ్మలు చేతులు చాచి, నడుము వంచి రకరకాల భంగిమల్లో ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువమంది చేసేది మాత్రం చైనా క్రీడాశాఖ 2003లో స్థిరపరిచిన రూపం. వీడియోలు వెతికేటప్పుడు ఆ రూపాన్నే పట్టుకోండి, లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చూపిస్తారు, మీకు ఏదీ కుదరదు. అందులో మొదటి ఏడు కదలికలను ఆరేసిసార్లు, కుడి ఎడమలు ఉన్నవాటిని చెరి మూడుసార్లు, చివరిదాన్ని ఏడుసార్లు చేస్తారు. మొత్తం కలిపి పావుగంట కూడా పట్టదు.

మాకు నేర్పిన ఆంటీ మొదట్లో చేతులు ఎత్తనివ్వనే లేదు. పాదాలను భుజాలంత ఎడంగా, వేళ్లు నేరుగా ముందుకు చూసేలా ఉంచి, మోకాళ్లను బిగించకుండా కొద్దిగా సడలించి, బరువు మడమలకూ వేళ్లకూ సమానంగా పడేలా నిలబడమనేవారు. చూడటానికి ఇది ఏమీ చేయకపోవడంలా ఉంటుంది కానీ, కాసేపటికి తొడలు పనిచేస్తున్నట్టు, భుజాలు కిందికి జారుతున్నట్టు తెలుస్తుంది. అలా నిలబడటం అలవాటైన తరువాతే మొదటి కదలిక: పొత్తికడుపు ముందు వేళ్లను ఒకదానిలో ఒకటి చొప్పించి, అరచేతులను రొమ్ము దాకా తెచ్చి, అక్కడ తిప్పి ఆకాశాన్ని మోస్తున్నట్టు పైకి తోయడం, ఒక క్షణం ఆగి, చేతులను రెండు పక్కల నుంచి నెమ్మదిగా దించడం. ఒక వారమంతా ఈ ఒక్కటే చేసినా తొందరపడనక్కరలేదు. ఎనిమిదింటినీ ఒకేసారి పట్టుకుంటే తరువాత ఏమిటన్నదాని మీదే మనసు ఉంటుంది, మీరు కోరుకుంటున్న విశ్రాంతి దొరకదు.

మోకాళ్ల విషయంలో రెండో కదలికా ఐదో కదలికా జాగ్రత్తగా చేయవలసినవి. రెండోది గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడం చేసి మోకాళ్లు వంచి, విల్లు లాగుతున్నట్టు చేతులు చాచడం. వీడియోలో కుర్రవాళ్లు తొడలు నేలకు సమాంతరమయ్యే దాకా దిగుతారు, మీరు నాలుగు వేళ్లంత దిగితే చాలు. ఎంత దిగినా మోకాలు పాదం చూసే వైపే చూడాలి, లోపలికి వాలకూడదు. ఐదోది అదే నిలకడలో నడుమునూ తలనూ గుండ్రంగా తిప్పేది. ఎనిమిదింటిలో కష్టమైనది ఇదే, తల తిరిగే స్వభావం ఉన్నవారు దీన్ని చివరగా, పక్కన కుర్చీ పెట్టుకుని నేర్చుకోవాలి. ఆరోదానిలో ముందుకు వంగి చేతులను పాదాల దాకా తీసుకువెళ్తారు. రక్తపోటు అదుపులో లేనివారు, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవారు తల అంత కిందికి దించకుండా నడుము దగ్గరే ఆగిపోవాలి. చివరిదానిలో మడమలెత్తి దించేటప్పుడు ఎముకలు పలుచబడినవారు అదిరేలా పడనివ్వకుండా మెల్లగా ఆనించాలి. నిలబడటమే కష్టమైన రోజున మానేయనక్కరలేదు, కూర్చుని చేసే బాదువాన్‌జిన్ కూడా పూర్వం నుంచి ఉంది.

ఊపిరి సంగతి. మనలో ప్రాణాయామం అలవాటున్నవారు దీనిలోనూ లెక్కపెట్టి ఊపిరి బిగబట్టాలనుకుంటారు. ఇక్కడ కుంభకం అవసరం లేదు. కదలికలు ఒంటబట్టేదాకా ఊపిరిని దాని మానాన వదిలేయండి. తరువాత చేతులు లేచేటప్పుడు పీల్చడం, దిగేటప్పుడు వదలడం దాదాపు దానంతట అదే కుదురుతుంది. నా అనుభవంలో నిద్రకు మేలు చేసింది ఈ కుదిరికే: పొద్దున సాధన చేసిన రోజుల్లో సాయంత్రానికి మెడా దవడా బిగుసుకోవడం తగ్గింది, పడుకోగానే ఆలోచనలు ముసురుకోవడం పలుచబడింది. ఇది మందు కాదని మాత్రం స్పష్టంగా చెప్పాలి. మూడో కదలిక ప్లీహానికీ జీర్ణానికీ మంచిదనీ, ఆరోది మూత్రపిండాలకు బలమనీ చైనా సంప్రదాయ వైద్యం చెబుతుంది. ఆ పేర్లను గౌరవంగానే నేర్చుకున్నాను కానీ, వాటిని నమ్మి బీపీ మాత్రో షుగరు మాత్రో ఆపకండి. చీ శక్తిని, అంటే చైనా సంప్రదాయం చెప్పే ప్రాణశక్తిని, పంపి కేన్సర్ నయం చేస్తామనే వారి దగ్గరికి అసలే వెళ్లకండి.

గురువు లేనప్పుడు మీ పక్క నుంచి ఫోనులో వీడియో తీయించుకుని, చేతులు పైకెత్తినప్పుడు నడుము వెనక్కి విల్లులా వంగుతోందా, గడ్డం ముందుకు పొడుచుకొస్తోందా అన్న రెండూ చూసుకోండి. ముందు నుంచి తీస్తే ఇవి కనబడవు. అరికాలికి నేల తెలిసే పలుచని చెప్పులు గానీ ఒట్టి కాళ్లు గానీ మంచిది, భోజనం చేసిన వెంటనే వద్దు. తొడల్లో కాస్త నొప్పి రావడం సహజం. మోకాలి లోపల గుచ్చినట్టు ఉంటే మాత్రం ఆ రోజుకు ఆపి, మర్నాడు ఇంకాస్త ఎత్తుగా నిలబడి చేయండి, అప్పటికీ తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకు ఆ కదలికను చేసి చూపించండి.