డబ్బులు కట్టి మరీ పాత బిల్డింగులు చూడాలా?

ప్రశ్న: మాది గుంటూరు, పెళ్లయ్యాక చెన్నై పెరంబూర్‌లో ఉంటున్నాం. జనవరిలో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి పాత కట్టడాలంటే ప్రాణం, గైడుతో నడుస్తూ వాటిని చూసే హెరిటేజ్ వాక్‌కి తీసుకెళ్దామంటే మా ఆయనేమో రోజూ బస్సులోంచి చూసేవే కదా, దానికి డబ్బులెందుకు అంటున్నారు. ఏం చేయమంటారండీ?

జవాబు: తీసుకెళ్లండమ్మా. బస్సులోంచి కనపడేది ఎర్ర రంగు, గుమ్మటాలు, అంతే. కాకపోతే బుక్ చేసేముందు ఎన్ని చోట్ల ఆగుతారో అడగండి, రెండు గంటల్లో పది బిల్డింగులు అంటే వద్దనేయండి, మూడే చూపించినా రాయి ఎక్కడిది, కట్టిన మేస్త్రీలెవరు అని చెప్పేవాళ్లు కావాలి మనకి.

నన్నడిగితే ఎగ్మోర్ మ్యూజియంతో మొదలుపెట్టండి, శుక్రవారం మాత్రం సెలవు. ఆ ఆవరణలో 1909లో తెరిచిన విక్టోరియా మెమోరియల్ హాల్ ఉంది, డిజైన్ హెన్రీ ఇర్విన్‌ది, ఆ గులాబీ రంగు రాయి మన సత్యవేడు నుంచి వచ్చింది, కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. 1892 నాటి హైకోర్టు కట్టింది కూడా ఆయనే, కానీ గైడ్లు చాలామంది ఇర్విన్ పేరు దగ్గరే ఆగిపోతారు, అది నాకు అస్సలు నచ్చదు. ఆర్కిటెక్టు కాగితం మీద గీసిన ఆర్చిని ఇటుక ఇటుక పేర్చి నిలబెట్టినవాళ్ల గురించి చెప్పకపోతే సగం కథ పోయినట్టేగా. మీ నాన్నగారు గుంటూరు మనిషి కాబట్టి అక్కడి అమరావతి గ్యాలరీలో తీరిగ్గా కూర్చోనివ్వండి, మన అమరావతి బౌద్ధ స్తూపం పలకలు అవి, తొందరపెట్టకండి.

తర్వాత ఆటోలో పార్క్ టౌన్ వెళ్తే ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాల్, దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజు. పక్కనే కార్పొరేషన్ ఆఫీసు ఉండే తెల్లటి రిప్పన్ బిల్డింగ్, 1913ది. ఎర్ర ఇటుకా తెల్ల గోడా పక్కపక్కన నిలబడి ఉంటే, పాతికేళ్లలోనే ఊరి అభిరుచి ఎంత మారిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ప్రశ్న: జార్జ్‌టౌన్‌లో మా తాతగారి ఇల్లు ఉంది. వాక్‌కి వచ్చేవాళ్లు లోపల చూస్తామని అడుగుతున్నారు. రానివ్వాలా?

జవాబు: ఇంట్లో పెద్దవాళ్లకి ఇబ్బంది లేకపోతే రానివ్వండి, ముఖ్యంగా పైకప్పు చూపించండి. మీది మద్రాసు టెర్రస్ అయితే కింద నుంచి టేకు దూలాలు, వాటి మీద చిన్న చిన్న ఇటుకలు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి ఉండటం కనిపిస్తుంది, ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిసతో కొట్టిన పొర. ఇనుప చువ్వ ఒక్కటి కూడా లేకుండా అది అన్నేళ్లు నిలబడింది! రోడ్డు మీద నిలబడితే ఇది ఎవరికీ కనపడదు, అందుకే అడుగుతున్నారు పాపం. ఒక్కసారికి ఐదారుగురు చాలు, మేడ మెట్లు గట్టిగా లేకపోతే పైకి ఎక్కనివ్వకండి. కప్పు కారుతుంటే మాత్రం పైన సిమెంటు పూయించకండి, తేమ లోపలే ఉండిపోయి దూలాలు పుచ్చిపోతాయి, గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికి పిలిపించండి.