చలికాలంలో కుక్కకు వాకింగ్ మానేయొచ్చా?

ప్రశ్న: మా ల్యాబ్రడార్ రాజాకి 9 ఏళ్లు. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున లేవడానికే మొరాయిస్తున్నాడు. నెల రోజులుగా వాకింగ్ మానేశాం, చలికి బలం కావాలని రెండు చపాతీలు ఎక్కువే పెడుతున్నాం. ఒళ్లు వేడిగా ఉందని మా అత్తమ్మ పారాసిటమాల్ సగం బిళ్ల వేద్దామంటున్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దమ్మా, ముందు ఆ బిళ్ల పక్కన పెట్టేయండి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, మన చేతికి అది జ్వరంలాగే తగులుతుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయం దెబ్బతింటుంది, మనం నొప్పులకి వేసుకునే ఐబూప్రొఫెన్ బిళ్ల అయితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు కూడా పాడవుతాయి. అత్తమ్మగారు ప్రేమతోనే అన్నారు, ఆమెకి ఈ మాట మెల్లగా చెప్పండి.

రేపు పొద్దున రాజా లేచేటప్పుడు పక్కనే కూర్చుని చూడండి. ముందు కాళ్ల మీద లేచి, నడుము ఎత్తలేక, వెనక గోళ్లు షాబాద్ బండ మీద గీరుకుంటూ జారుతున్నాడా? నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటున్నాడా? అలా ఉంటే అది మొరాయింపు కాదు, కీళ్లు పట్టేసి ఉండొచ్చు. పశువుల డాక్టరుకి చూపించండి, కుక్కలకి పనికొచ్చే నొప్పి మందులు వేరే ఉంటాయి.

వాకింగ్ మాత్రం మానకండి. కదలకపోతే కండ కరిగిపోతుంది, బరువు పెరుగుతుంది, ఆ బరువంతా మళ్లీ ఆ నొప్పి కీళ్ల మీదే పడుతుంది, అందుకే ఆ రెండు చపాతీలు కూడా ఆపేయండి. పక్కటెముకల మీద అరచెయ్యి పెడితే గట్టిగా నొక్కకుండానే ఎముకలు తెలియాలి. మంచులో 6 గంటలకి లాక్కుపోవద్దు, ఎండ పడ్డాక 8 దాటి ఒకసారి, సాయంత్రం 5 లోపు ఇంకోసారి, పావుగంట చొప్పున చాలు, వాడు ఆగి వాసన చూస్తానంటే చూడనివ్వండి. ల్యాబ్రడార్‌కి ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది, స్వెట్టర్ అక్కర్లేదు, కానీ చల్లటి బండ మీద పడుకోనివ్వకుండా గోనె సంచి మీద పాత బొంత మడిచి వేయండి. సంక్రాంతి రోజుల్లో ఇంటికి రాగానే కాలి వేళ్ల మధ్య చూడండి, తెగిన మాంజా చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది.

ప్రశ్న: మా గేటు పక్కన వీధికుక్క 5 పిల్లల్ని పెట్టింది. రాత్రిళ్లు వణుకుతున్నాయి. ఇంట్లోకి తెచ్చి పాలు పట్టమంటారా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: తల్లి దగ్గరే ఉండనివ్వండి, తిండి తల్లికి పెట్టండి. ఆవు పాలు పడితే పిల్లలకి విరేచనాలు కావొచ్చు. గాలి తగలని మూలలో అట్టపెట్టెని అడ్డంగా పడుకోబెట్టి, లోపల వరిగడ్డి మందంగా పరవండి, తడిస్తే మార్చండి. కుంపటి దగ్గర పెట్టకండి. ఏదైనా పిల్ల చల్లబడి కదలకపోతే పాలు పట్టే తొందర వద్దు, గుడ్డలో చుట్టి మెల్లగా ఒంటికి ఆనించుకుని వెచ్చబడనిచ్చి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకో మాట, పొద్దున కారు తీసే ముందు బానెట్ మీద గట్టిగా తట్టి, కిందికి వంగి చూడండి, ఇంజిన్ వెచ్చదనానికి అక్కడికే చేరతాయి.