బ్యాంజో సాధనతో వేలు ముడుచుకుపోతోంది... మానేయాలా?

ప్రశ్న: నా వయసు 64. చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో ఉంటాను. రిటైరయ్యాక భజనల కోసం బ్యాంజో నేర్చుకుంటున్నాను. అదే, మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్. వినాయక చవితి దగ్గరపడుతోందని రెండు నెలలుగా రోజూ ఏకబిగిన రెండు గంటలు వాయిస్తున్నాను. పొద్దున లేచేసరికి ఎడమ చేతి ఉంగరపు వేలు ముడుచుకుపోయి ఉంటోంది. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటోంది. తీగలు మీటే పిక్ పట్టే కుడి బొటనవేలి మొదట్లోనూ నొప్పిగా ఉంది. పదేళ్లుగా షుగర్ ఉంది. బ్యాంజో మానేయాల్సిందేనా?

జవాబు: మానేయనక్కర్లేదండీ. వేలి విషయంలో మీరు రాసినవి ట్రిగ్గర్ ఫింగర్ లక్షణాలు. వేలిని ముడిచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) అరచేతిలో ఓ సన్నటి గొట్టంలోంచి జారుతుంటుంది. ఆ గొట్టం మూతి దళసరెక్కితే టెండన్ అక్కడ ఇరుక్కుని, లాగినప్పుడు టక్కున దాటుతుంది. ఉంగరపు వేలి కింద, అరచేతి పైగీత దగ్గర నొక్కిపట్టి ఆ వేలిని మెల్లగా ముడిచి తెరవండి. శనగగింజంత గడ్డ కదిలినట్టు తగిలితే దాదాపు ఇదే. షుగర్ ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తుంది. దానికి మీ రెండు గంటల సాధన తోడైంది. వాయిస్తూ పోతే వేలే వదులవుతుందని అనుకోకండి, గొట్టం ఇంకా వాస్తుంది.

మూడు వారాలు ఆ వేలితో మీట నొక్కకండి. చూపుడు, మధ్య వేళ్లతోనే నెమ్మదైన పాటలు వాయించుకోండి. రాత్రి వేలు నిటారుగా ఉండేలా ఆరు వారాలు స్ప్లింట్ పెట్టుకోండి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ఐదు నిమిషాలు ఉంచి, వేళ్లను మెల్లగా ముడిచి తెరవండి. టక్కుమనేదాకా లాగొద్దు.

తర్వాత పది నిమిషాలు వాయించి ఐదు నిమిషాలు ఆగండి. మొదట్లో రోజుకు మొత్తం అరగంట చాలు, వారానికి పది నిమిషాలు పెంచండి. వాద్యాన్ని కూడా ఒకసారి చూడండి. మీటల కింద దుమ్ము, తుప్పు పట్టినా, స్ప్రింగులు బిగుసుకున్నా వేలి మీద భారం పెరుగుతుంది. శుభ్రం చేయించండి. శ్రుతి అర స్వరం తగ్గిస్తే తీగ వదులై మీట తేలిగ్గా దిగుతుంది. స్వరం స్పష్టంగా పలికేంత నొక్కితే చాలు. ఇంకా నొక్కితే శబ్దం పెరగదు, తీగ సాగి శ్రుతి పైకి జారుతుంది. అది విన్నప్పుడల్లా వేలు ఎక్కువ కష్టపడుతోందని గుర్తుపట్టండి. నేల మీద వంగి కూర్చోకుండా, మోచేయి ఎత్తుకు సరిపడే బల్ల మీద బ్యాంజో పెట్టుకుంటే మణికట్టు వంగదు.

కుడి బొటనవేలికి సన్నటి పిక్ మీద గుడ్డ టేపు రెండు చుట్లు చుట్టండి, పట్టు తేలికవుతుంది. బొటనవేలిని పిడికిలిలో మూసి మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచినప్పుడు, మణికట్టు బొటనవేలి వైపు సలుపు వస్తే అక్కడి టెండన్ల వాపు కావచ్చు. నొప్పి బొటనవేలి మొదట్లోనే ఉండి, కదిలిస్తే గరగరమంటే కీళ్ల అరుగుదల అయ్యుండొచ్చు.

ఆరు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే నాలుగైదు రోజులు షుగర్ పెరగొచ్చు, రోజూ గ్లూకోమీటర్‌తో చూసుకోండి. షుగర్ ఉన్నవారికి ఇంజెక్షన్ కొంత తక్కువగా పనిచేస్తుంది. దాంతోనూ తగ్గకపోతే అరచేతికి మాత్రమే మత్తిచ్చి ఆ గొట్టం మూతిని తెరిచే చిన్న ఆపరేషన్ ఉంది. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి, షుగర్ ఉన్నవారి కిడ్నీలకు అవి చేటు. వేలు ఎర్రగా ఉబ్బి జ్వరం వస్తే మాత్రం మర్నాటిదాకా ఆగకుండా ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి.