ఏడో అంతస్తులో ఉన్నా కరివేపాకుని కనిపెట్టేస్తుంది

ప్రశ్న: మాది మారతహళ్లిలో ఏడో అంతస్తు ఫ్లాట్. బాల్కనీలో ఒకే ఒక్క కరివేపాకు కుండీ. చిగురేసినప్పుడల్లా పచ్చటి పురుగులు రెమ్మలు దూసేస్తున్నాయి. ఇంత ఎత్తుకి వాసన పట్టి వస్తాయా? పక్కన తులసి పెడితే రావంటున్నారు మా అత్తగారు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పురుగు రాదమ్మా, దాని తల్లి ఎగిరొస్తుంది. నలుపు మీద లేతపసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుక. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం. దాని పిల్లలకి ఆ ఆకులే తిండి. మొక్కని వెతకడానికి కంటిచూపూ, వాసనా రెండూ వాడుకుంటుంది. అయినా వెంటనే గుడ్డు పెట్టదు. ఆకు మీద వాలి ముందుకాళ్లతో టపటపా తడుతుంది. రుచి తెలిసేది ఆ కాళ్లకే! ఆకులోని రసాయనాలు సరైనవని తేలితేనే గుడ్డు, అదీ లేత ఆకు మీద, ఒక్కొక్కటిగా. ఈసారి కనబడితే తరిమేయకుండా కాసేపు చూడండి.

ఇక తులసి. పూజకి పెట్టుకోండి, కాపలాకి మాత్రం పనికిరాదు. ఘాటు వాసనంటే పురుగులన్నీ పారిపోతాయని మనవాళ్ల నమ్మకం. కానీ తులసిలో ఉండే మిథైల్ యూజినాల్ అనే వాసన రసాయనం కోసం మామిడిని పాడుచేసే పండు ఈగల్లో మగవి ఎగబడతాయి. బీహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త ఈ సంగతి 1915లోనే రాశాడు. అంతకు ముందు, 1912లో, సిట్రొనెల్లా నూనెకి పండు ఈగలు మూగుతాయని రాసిందీ ఆయనే. దోమలు కుట్టకుండా మనం ఒంటికి రాసుకునే నూనె అది! శ్రీనివాసపురం దగ్గర మా పెద్దమ్మ వాళ్ల మామిడి తోటలో ఇప్పటికీ మిథైల్ యూజినాల్‌లో నానబెట్టిన చెక్కముక్కని డబ్బాలో పెట్టి కొమ్మకి వేలాడదీస్తారు. మగ ఈగలు అందులో పడి చస్తే, ఆడవాటికి జత దొరకడం తగ్గుతుంది. మీ సీతాకోకచిలుకకి ఈ గొడవేమీ పట్టదు.

కూరలో వేసుకునే ఆకు కాబట్టి మందు కొట్టకండి. చిగురు మీద పిట్టరెట్టలా కనిపించేది కూడా ఆ పురుగే, చిన్నప్పటి వేషం. పచ్చబడ్డాక తిండి మరీ ఎక్కువ, ఆలోపే తీసేయండి. ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు చాపి కంపు కొడుతుంది, కుట్టదు. ఆ టెన్షన్ కూడా వద్దనుకుంటే, చిగురు ముదిరేదాకా మొక్క మీద పాత దోమతెర కప్పండి. ఆకులకి ఆనకుండా నాలుగు పుల్లలు గుచ్చి, కుండీ అంచు చుట్టూ బిగించి కట్టండి.